రేడియోలో మా అమ్మ పేరు!

సభల్లో మైకు అందుకున్న పెద్దలెవరైనా 'సోదర సోదరీమణులారా' అంటూ మొదలెట్టడం మనకి అలవాటే. ముందు సోదరులు, వాళ్ల వెనకాల సోదరీమణులు. పెళ్లి శుభలేఖల దగ్గర్నుంచి ఇంటి గుమ్మం మీది నేమ్‌బోర్డు దాకా అదే వరస! ఆ వరసని తిరగేసి, 'బెహనో ఔర్ భాయియో' అని, అంటే 'అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా' అని పిలిచిన గొంతు ఒకటుంది. అమీన్ సయానీ గొంతు. 1952 డిసెంబరు 3న రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా'తో ఆ గొంతు దేశమంతటా ఇంటింటికీ చుట్టమైపోయింది. 2024 ఫిబ్రవరి 20న, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ కబురు చెబుదామని విజయవాడలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన చెప్పే హిందీ నాకు సగం అర్థమయ్యేది కాదే. కానీ మొదట మనల్నే పిలిచేవాడు. అది మాత్రం బాగా అర్థమయ్యేది" అంది.

ఆ మాట పట్టుకునే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను నలభైకి దగ్గరపడుతున్నదాన్ని. రేడియో వైభవాన్ని మా అమ్మమ్మ, అమ్మ చూశారు. నేను దాని చివరి అంకంలో వచ్చి కూర్చున్నాను. అయినా రేడియో అనగానే నాకు పాటలకంటే ముందు గుర్తొచ్చేది పేర్లు. పాట కోరిన వాళ్ల పేర్లు! ఆ పేర్లలో మన ఆడవాళ్ల కథ ఒకటుంది. అది చెప్పాలంటే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. విసుక్కోకండేం!

పాట వినాలంటే సముద్రం దాటాలా?

అసలు మన సినిమా పాట మనం వినడానికి కొలంబో ఎందుకు కావాల్సొచ్చింది? ఎందుకంటే మన రేడియోలో దానికి చోటు లేదు కాబట్టి. 1952లో కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతంతో జనం అభిరుచిని బాగుచేయాలన్నది ఆయన పట్టుదల. దాంతో ఆకాశవాణిలో సినిమా పాటలు మాయమయ్యాయి. పదేళ్లు, అంటే 1962 దాకా ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది.

ఇంట్లో వండిపెట్టకపోతే పిల్లలు పక్కింటికి పోరూ? అదే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం మిత్రరాజ్యాలవాళ్లు సిలోన్‌లో శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిశాక అది రేడియో సిలోన్ చేతికొచ్చింది. ఇంకేం! ఇక్కడి కంపెనీలు అక్కడ ప్రకటనలకి టైం కొన్నాయి. బొంబాయిలో కార్యక్రమం రికార్డు చేసి, విమానంలో కొలంబో పంపి, అక్కడినుంచి మళ్లీ మన ఇళ్లలోకి వదిలేవారు. పళ్లపొడి, టూత్‌పేస్టు కొనమని చెప్పడానికి అంత దూరం తిరిగొచ్చేది పాట!

గీత్‌మాలా మొదట్లో ఒక పోటీ. ఏడు పాటలు వేసి, వాటిని సరైన వరసలో పేర్చమనేవారు. బహుమతి 100 రూపాయలు. మొదటిసారే 9 వేల ఉత్తరాలు వచ్చిపడ్డాయని, కొన్నాళ్లకి వారానికి 60 వేలు దాటాయని సయానీయే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ ఉత్తరాలన్నీ విప్పి చూసుకుంటూ, స్క్రిప్టు రాసుకుంటూ, చదువుతూ ఆయనకి ముట్టింది వారానికి 25 రూపాయలట! తర్వాతే పోటీ పోయి, పాటలకి ర్యాంకులిచ్చే పద్ధతి వచ్చింది.

ఇక్కడ ఢిల్లీవాళ్లకి కళ్లు తెరుచుకున్నాయి. 1957 అక్టోబరు 3న 'వివిధభారతి' పెట్టారు. దానికి రూపం దిద్దినవాళ్లలో హిందీ కవి పండిత్ నరేంద్ర శర్మ ముఖ్యులు. పాటలైతే వచ్చాయిగానీ ప్రకటనలు ఇంకో పదేళ్లదాకా లేవు. 1966లో చందా కమిటీ వాణిజ్య ప్రసారాలు ఉండొచ్చని సిఫారసు చేసింది. 1967 నవంబరు 1న బొంబాయి, నాగపూర్, పుణె కేంద్రాల్లో మొదటిసారి ప్రకటనలు వినిపించాయి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మన ఊళ్లకీ 'వివిధభారతి వాణిజ్య ప్రసార విభాగం' వచ్చింది. ఆ నాలుగు మాటల్ని అనౌన్సర్ ఒక్క గుక్కలో పలుకుతుంటే ఎంత దర్జాగా ఉండేదో విన్నవాళ్లకి తెలుసు.

పట్టకారుతో పాటలు

ఇక మా ఇంటి కథలోకి వద్దాం. 1977లో మా అమ్మకి పదిహేడేళ్లు. గుడివాడలో ఇంటర్మీడియట్ చదువుతోంది. ఇంట్లో పెద్ద వాల్వు రేడియో ఉండేది. వాల్వులు వేడెక్కేదాకా ఆగితేగానీ మాట వచ్చేది కాదు. దాని మీద అమ్మమ్మ అల్లిన క్రోషియా గుడ్డ, మధ్య గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన రాగి జాలీ ఏరియల్. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్సు కట్టొచ్చేది తాతయ్య. అందుకని రేడియో కూడా తాతయ్యదే! పొద్దున వార్తలు, సాయంత్రం వార్తలు. ముల్లు ఆయన పెట్టిన చోటే ఉండాలి.

ఆయన ఆఫీసుకి వెళ్లాక మాత్రం ముల్లు కొలంబో వైపు తిరిగేది. సిలోన్‌లో తెలుగు పాటలు కూడా వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై అనే ఆవిడ తెలుగులో కార్యక్రమం చేసేవారు. కొంచెం తమిళ యాస కలిసిన ఆ తెలుగుని అమ్మావాళ్లు ఎంత ముద్దుగా అనుకరించేవాళ్లో! పరదేశంలో కూర్చుని మన భాషలో, మన ఊళ్ల పేర్లు, మన ఆడపిల్లల పేర్లు చదువుతుందావిడ. ఆ ఊహే వాళ్లకి ఒక పండగ.

అమ్మ కూడా ఉత్తరం రాసింది. పరాయిదేశం కాబట్టి స్టాంపులు ఎక్కువ పడతాయి. కాలేజీకిచ్చిన బస్సు డబ్బులు మిగిల్చి నాలుగు రోజులు నడిచి వెళ్లిందట. మొదట తన పేరు, ఆ తర్వాత నలుగురు స్నేహితురాళ్ల పేర్లు. కొన్ని వారాలకి ఓ మధ్యాహ్నం ఆ పేరు కొలంబోలో పలికి గుడివాడలో వినపడింది. ఇంట్లోనే కాదు, బజార్లో కిళ్లీకొట్టులో కూడా!

"ఏమండోయ్, మీ అమ్మాయి పేరు సిలోన్ నుంచి వచ్చిందటగా" అన్నాడట ఎవరో తాతయ్యతో. అన్నవాడు మెచ్చుకోలుగానే అన్నాడేమో తెలీదు. తాతయ్యకి మాత్రం తల కొట్టేసినట్టయింది. "పెళ్లి కావాల్సిన పిల్ల పేరు కిళ్లీకొట్టులో మోగాలా?" అని ఇంటికొచ్చి కేకలేసి, రేడియో ట్యూనింగ్ మర పీకి జేబులో వేసుకున్నారు. మర్నాటి నుంచి రోజూ ఆ మర ఆయనతోపాటు ఆఫీసుకి వెళ్లొచ్చేది.

ఇప్పుడు వినండి మా అమ్మమ్మ చేసిన పని! ఆవిడ ఐదో క్లాసుతో చదువు ఆపేసిన మనిషి. భర్త మాటకి ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజూ చెప్పలేదు. ఓ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లోంచి పట్టకారు తెచ్చింది. మర ఊడిన చోట బయటికి కనపడే ఇనప కడ్డీని పట్టకారుతో పట్టుకుని మెల్లిగా తిప్పింది. గరగరమంటూ అన్ని దేశాలూ దాటి ముల్లు కొలంబోలో ఆగింది! సాయంత్రం నాలుగవగానే మళ్లీ పట్టకారుతోనే ముల్లుని తాతయ్య పెట్టుకున్న చోటికి తెచ్చి పెట్టేసింది. అలా ఎన్నాళ్లు నడిచిందో అమ్మకి కూడా లెక్క తెలీదు. తాతయ్య జేబులో మర, అమ్మమ్మ చేతిలో పట్టకారు!

పాటలైతే దక్కాయి. పేరు మాత్రం పోయింది. ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ తన పేరుతో ఉత్తరం రాయలేదు. రాసినా 'బుజ్జి', 'చిన్ని', 'పండు' అని ముద్దు పేర్లే. గమనించారో లేదో, ఆ రోజుల్లో పాటలు కోరినవాళ్ల జాబితాలో బుజ్జిలూ చిన్నీలూ అంతమంది ఉండేవాళ్లు. వాళ్లంతా పసిపిల్లలే అనుకునేదాన్ని చిన్నప్పుడు. వాళ్లలో ఎంతమంది పెళ్లీడు ఆడపిల్లలో, ఇద్దరు పిల్లల తల్లులో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టూ ఉంటుంది.

మధ్యాహ్నం మనది

అమ్మ పెళ్లయి విజయవాడ వచ్చింది. సత్యనారాయణపురంలో నాలుగు వాటాల ఇల్లు. నాలుగు వాటాలకీ కలిపి ఒకటే పెరడు, ఒకటే బావి. రేడియోలు మాత్రం మూడు. మూడింటిలోనూ ఒకటే స్టేషను పెట్టేవాళ్లు కాబట్టి పెరట్లో ఎక్కడ తిరిగినా పాట తెగేది కాదు. బట్టలు జాడించేటప్పుడు పల్లవి, తీగ మీద ఆరేసేటప్పుడు చరణం!

రేడియో రోజంతా అందరిదీ కాదు. పొద్దున్నే భక్తిగీతాలు పెద్దవాళ్లవి. 1974లో మొదలైన సంస్కృత వార్తలు, బలదేవానంద సాగర గొంతు మా పక్కవాటా మాస్టారివి. తెలుగు వార్తలు నాన్నవి. క్రికెట్ కామెంటరీ ఉంటే ఇక ఇంట్లో ఎవరికీ ఏదీ లేదు. మగవాళ్లు ఆఫీసులకీ, పిల్లలు బళ్లకీ వెళ్లాక, అంట్లు తోమడం అయ్యాక, అప్పుడు వచ్చేది ఆడవాళ్ల వంతు. మధ్యాహ్నం మనది!

వారానికోసారి వచ్చే 'సంక్షిప్త శబ్దచిత్రం' గుర్తుందా? మొత్తం సినిమాని గంటకి కుదించి మాటలూ పాటలూ వినిపించేవారు. ఆ టైముకి నాలుగు వాటాల ఆడవాళ్లూ మా వసారాలో చేరేవారు. ఒకరి ఒళ్లో చింతపండు, ఒకరి ఒళ్లో బియ్యం చేట, ఇంకొకరి చేతిలో మల్లెమొగ్గలూ దారమూ. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, చెవులు సినిమాకి వెళ్లేవి. ఎన్నో సినిమాలు మా అమ్మ అలా విన్నదే తప్ప చూడలేదు. వాటిని తర్వాత టీవీలో చూసినప్పుడు, "ఈ మేడ నేననుకున్నంత పెద్దగా లేదే" అని పెదవి విరిచేది.

'జనరంజని'లో సినిమావాళ్లు స్వయంగా వచ్చి తమకిష్టమైన పాటల గురించి చెబుతుంటే వంటింట్లోకి చుట్టాలొచ్చినట్టే ఉండేది. ఇక నాటకాలొస్తే చెప్పనక్కర్లేదు. శారదా శ్రీనివాసన్, వి.బి. కనకదుర్గ వంటివాళ్ల గొంతులకి మొహాలుండేవి కావు. మొహం ఎవరికివాళ్లం ఊహించుకునేవాళ్లం. నేను కథలు రాయడం మొదలెట్టాక ఒకటి అర్థమైంది. మొహం చెప్పకుండా మనిషిని కళ్లముందు నిలబెట్టడం ఎలాగో నేను పుస్తకాల్లో కంటే ఆ వసారాలోనే ఎక్కువ నేర్చుకున్నాను.

సెల్స్ అయిపోవస్తే గొంతు సన్నగిల్లేది. వాటిని తీసి ఎండలో పెట్టి, మళ్లీ వేస్తే ఇంకో రెండు రోజులు లాక్కొచ్చేవి. ఎండకి సెల్సూ, వడియాలూ పక్కపక్కనే ఎండేవి మా డాబా మీద!

పదిహేను పైసల కార్డు

1995లో నాకు ఎనిమిదేళ్లు. చేతిరాత బాగుంటుందని పోస్టుకార్డులు నా చేత రాయించేది అమ్మ. పదిహేను పైసల కార్డు. చిన్నచిన్న అక్షరాలతో ఎన్ని పేర్లు పట్టిస్తే అంత గొప్ప. ఉత్తరాదిన జుమ్రీ తలైయా అనే ఊరు, ఇప్పుడది జార్ఖండ్‌లో ఉంది, కేవలం పాటల ఫర్మాయిషీ ఉత్తరాలతోనే దేశమంతా ప్రసిద్ధికెక్కింది. మా వాటాల ఇల్లు కూడా దానికి తీసిపోదని మా ధీమా.

ఆ రోజు అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. "నాన్న పేరు రాయి, తమ్ముడి పేరు రాయి, నీ పేరు రాయి, పక్కింటివాళ్ల పేర్లు రాయి..."

"మరి నీ పేరో?" అన్నాను.

"నాదెందుకులే, చోటు చాలదు."

నాన్న పేపరు చదువుకుంటున్నారు. పేపరు దించకుండానే, "పాట కావాల్సింది మీ అమ్మకి. పేర్లేమో మావీనా?" అన్నారు. లేచి వచ్చి, నా చేతిలోంచి కార్డు తీసుకుని, అన్ని పేర్లకీ పైన ఉన్న కాస్త చోటులో అమ్మ పూర్తి పేరు రాశారు. నాన్నకి గుడివాడ సంగతి తెలుసో లేదో నాకు తెలీదు. అడుగుదామంటే ఇప్పుడాయన లేరు.

రెండు వారాలు చెవులు రిక్కించుకుని విన్నాం. ఓ మధ్యాహ్నం అమ్మ పప్పు మెదుపుతోంది. అనౌన్సర్ చదవడం మొదలెట్టింది. 'సత్యనారాయణపురం నుంచి...' అని మొట్టమొదట అమ్మ పేరు! అమ్మ చేతిలో పప్పుగుత్తి గాల్లోనే ఆగిపోయింది. పక్క వాటాల్లోంచి "ఒదినా, నీ పేరే! నీ పేరే!" అని కేకలు. పాట మొదలైంది. అది ఏ పాటో నాకు బాగా గుర్తు, అమ్మకి మాత్రం గుర్తు లేదు. పాట విననే లేదంటుంది.

ఆ రాత్రే ఇన్‌లాండ్ లెటర్ తీసుకుని అమ్మమ్మకి రాసింది. వారానికి జవాబొచ్చింది. అమ్మమ్మ వంకర టింకర అక్షరాల కింద తాతయ్య దస్తూరీలో ఒకే ఒక్క వాక్యం. 'ఈసారి రాసేటప్పుడు మీ అమ్మ పేరు కూడా రాయి.'

పద్దెనిమిదేళ్ల తర్వాత ఇంటి పెద్దాయన జేబులోంచి రేడియో మర బయటికొచ్చినట్టయింది! అమ్మ ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ పెళ్లి చీర మడతలో దాచుకుంది. ఇంతకీ అమ్మ పేరేమిటంటారా? రాస్తానంటే ఒప్పుకోలేదు. "రేడియోలో వచ్చింది చాలు" అంది.

అన్నీ బంగారమేనా?

పాత రోజులనగానే అన్నిటికీ పూత పూసెయ్యడం నాకిష్టం లేదు. వాణిజ్య ప్రసారాలంటే వ్యాపారమే. టైంని సెకన్ల లెక్కన అమ్మేవాళ్లు. పది సెకన్లకో రేటు, ముప్ఫై సెకన్లకో రేటు. పావుగంటో అరగంటో కొనుక్కుంటే అది ప్రాయోజిత కార్యక్రమం. కొత్త సినిమా వస్తోందంటే పావుగంట పాటు దాని మాటలూ పాటలూ ఊరించేవి. నిర్మా పాట రాని పిల్లలుండేవాళ్లు కాదు. తలనొప్పి వస్తే మాత్ర పేరు డాక్టరు కంటే ముందు రేడియోనే చెప్పేది.

ఆ ప్రకటనల్లో ఆడవాళ్లెలా ఉండేవాళ్లు? బట్టలు తెల్లగా రాకపోతే అత్తగారి దగ్గర చిన్నబోయే కోడలు, కాఫీ బాగుంటే మొగుడి మెప్పు పొందే పెళ్లాం, క్రీము రాసుకుంటేగానీ పెళ్లి కుదరని చామనఛాయ అమ్మాయి! మధ్యాహ్నం మనకిచ్చినట్టే ఇచ్చి, దాని మధ్యలో ఈ చేదు మాత్రలు మింగించేవాళ్లు. మా వసారాలో ఒకావిడ, "నా బట్టలు తెల్లగా రాకపోతే తప్పు సబ్బుదా? నీళ్లదా? నాదెందుకైంది?" అని రేడియోతో పోట్లాడేది. రేడియోకి జవాబు చెప్పడం వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

జవాబు చెప్పే రేడియో కూడా వచ్చింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2001 జులైలో బెంగళూరులో దేశంలోనే మొదటి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషను మొదలైంది. కొన్నేళ్లకి హైదరాబాదుకీ వచ్చాయి. 2009లో నేను పెళ్లయి హైదరాబాదు వచ్చేసరికి ఆటోలో, బస్సులో, కూరగాయల బండి మీద ఎక్కడ చూసినా ఎఫ్ఎం హోరే. పోస్టుకార్డు పోయి ఫోనొచ్చింది. రెండు వారాలు ఎదురుచూడక్కర్లేదు. నంబరు కలిస్తే చాలు, పేరూ వస్తుంది, గొంతూ వస్తుంది.

బాగుంది కదా! బాగానే ఉంది. ఆడవాళ్లు ధైర్యంగా మాట్లాడుతున్నారు, జోకులేస్తున్నారు, పాడుతున్నారు. కానీ ఒక్క ప్రశ్న దగ్గర నా చెవి ఆగిపోతుంది. "హాయ్ అండీ, మీ పేరు? ఏం చేస్తుంటారు?" అవతల గొంతు చప్పున తగ్గిపోతుంది. "ఏం చెయ్యనండీ... ఇంట్లోనే ఉంటాను." పొద్దున ఐదింటికి లేచి ఇంటిల్లిపాదికీ టిఫిన్లు కట్టి, పనులన్నీ చక్కబెట్టుకున్నావిడ అనే మాట అది, 'ఏం చెయ్యను'! పాత అనౌన్సర్లకి కార్డు మీదున్న పేరే సరిపోయేది. ఏం చేస్తుంటావని వాళ్లు అడిగే వీల్లేదు. ఆ పేరుకి పక్కన ఏ తోకా అక్కర్లేదు.

కోఠీలో రేడియో వేట

పోయినేడాది అమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ హైదరాబాదులో చేయించాం. డాక్టరుగారు కొన్నాళ్లు కళ్లని శ్రమపెట్టొద్దన్నారు. అంటే టీవీ తగ్గించాలి, ఫోను చూడకూడదు. "మరి రోజెలా గడుస్తుందే?" అంది అమ్మ. అప్పుడు గుర్తొచ్చింది. కళ్లూ అడగనిది, చేతులూ అడగనిది, చెవి మాత్రం ఇస్తే చాలనేది ఒకటుంది కదా!

అటకమీద నుంచి పాత సెట్టు దింపాను. సెల్స్ వేస్తే లైటు వెలిగిందిగానీ గరగర తప్ప ఏమీ లేదు. సెట్టు పాడవలేదు. దాన్లో ఉన్నవి మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే. హైదరాబాదులో వివిధభారతి ఇప్పుడు వినాల్సింది ఎఫ్ఎంలో, 102.8 మీద. ఆ అంకె ఆ పాత పెట్టెలో లేనే లేదు.

సరే, కొత్తది కొందామని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. నాలుగు షాపులు తిరిగాను. ఒక షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "రేడియోనా అమ్మా? ఇప్పుడు ఎవరింటున్నరు? బ్లూటూత్ స్పీకర్ తీస్కోండి. అండ్ల ఎఫ్ఎం గూడ వస్తది" అన్నాడు. మా అమ్మకి మర తిప్పితే పలికేదే కావాలని చెప్పాను. ఆయన నవ్వి, లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. "మా అమ్మకు గూడ గిదే ఇచ్చిన. ఫోన్‌ల సతాయించుకుంట కూసోదు" అన్నాడు. బేరం ఆడబుద్ధి కాలేదు.

ఆ పెట్టె మంచం పక్కన పెట్టాక అమ్మకి రోజులు తెలీలేదు. రెండోవారానికి, ఫోన్-ఇన్ కార్యక్రమమేదో వింటూ, "ఆ నంబరు నొక్కి ఇయ్యవే" అంది. అయిదారు సార్లు చేస్తే కలిసింది. అవతల ఓ కుర్రదాని గొంతు హుషారుగా, "చెప్పండమ్మా, మీ పేరు?" అంది. అమ్మ తన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ఏం చేస్తుంటారమ్మా?"

నేను ఊపిరి బిగబట్టాను. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"రేడియో వింటుంటానమ్మా. యాభై ఏళ్లబట్టీ."

అవతల అమ్మాయి పకపకా నవ్వింది. పాట ఎవరికోసమని అడిగితే, "మా అమ్మ కోసం" అంటూ అమ్మమ్మ పేరు చెప్పింది. అమ్మమ్మ పోయి పదేళ్లు దాటింది. అయినా ఆ సాయంత్రం హైదరాబాదులో ఆటోల్లో, కిళ్లీకొట్లలో ఆవిడ పేరు వినపడింది. తాతయ్య అడిగిన పని అప్పటికి పూర్తయింది.

మీరూ ఓసారి...

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఓ చిన్న పని చేసి చూడండి. అమ్మకో అత్తగారికో సెల్సుతో నడిచే ఎఫ్ఎం రేడియో ఒకటి కొనిపెట్టండి. పెద్ద ఖరీదేమీ కాదు. వాళ్ల ఊళ్లో ఆకాశవాణి ఏ నంబరు మీద వస్తుందో కనుక్కుని, కనపడేలా పెద్ద అంకెలతో కాగితం మీద రాసి గోడకి అంటించండి. దూరదేశాల్లో ఉన్న పిల్లలైతే ఫోన్లో 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్ పెట్టిస్తే మన తెలుగు స్టేషన్లు ఎక్కడైనా వినొచ్చు. డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో టీవీలోనే ఆకాశవాణి చానళ్లు కొన్ని వస్తాయి, బొమ్మ లేకుండా!

ఆ తర్వాత వాళ్ల పక్కన కూర్చుని, మీరు పాటకి ఉత్తరం రాశారా, ఏ పేరుతో రాశారు అని అడగండి. బుజ్జి అనో చిన్ని అనో చెబుతారు. అసలు పేరెందుకు రాయలేదని కూడా అడగండి. నాకు చెప్పినట్టే మీకూ ఓ కథ చెబుతారు. ఆ కథ వినడానికి ఏ స్టేషనూ అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు.

ఇక మనమంటారా? ఈసారి ఎవరైనా 'ఏం చేస్తుంటారు?' అనడిగితే 'ఏం చెయ్యను' అనకండి. చేసేవి చెప్పడం మొదలెడితే వాళ్లకిచ్చిన టైం చాలదు. ముందు పేరు చెప్పండి. గట్టిగా, పూర్తిగా!